ఇనుపగొట్టములకు తిత్తులేల?

క్రిందటి సంవత్సరము తొమ్మిదవ తరగతి పిల్లలకు మేము ఉష్ణముచేత పదార్థములు వ్యాకోచించు పాఠమును చెప్పుచుండగా, వెనుక బల్లపై గూర్చుండిన గిద్దలూరు బాలుడొకడు లేచి, "మాస్టరుగారూ, ఇనుపగొట్టమునకు నడుమ హార్మోనియపు తిత్తి యెందుకండీ?" అని యడిగెను. తరగతి యంతయు ఫక్కున నవ్వెను. ఆ బాలుని యన్న ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చి దూరదేశమున నొక కర్మాగారములో నున్నాడట. అతడు పంపిన ఛాయాచిత్రమున నొక పెద్ద ఆవిరిగొట్టమును, దాని నడుమ మడతలు మడతలుగా నున్న లోహపు తిత్తియు గలవు. ఇది నవ్వదగిన ప్రశ్న కాదనియు, ఆ యేడు మా తరగతిలో మేము వినిన మంచి ప్రశ్నలలో నిదియే మొదటిదనియు చెప్పితిమి. అంతలో గంట కొట్టిరి. సగము చెప్పి విడిచిన యుత్తరము నిచ్చట పూర్తిచేయుచున్నాము. మార్కాపురము, కంబము, గిద్దలూరు, యర్రగొండపాలెము ప్రాంతములనుండి ఫిట్టర్లుగను వెల్డర్లుగను వలసపోవు యువకులు పలువురు గలరు గనుక, తలిదండ్రులును దీనిని చదువుట మంచిదని మా తలంపు.

మన పల్లెలలో బండిచక్రమునకు ఇనుప పట్టా వేయుట పెద్దలెల్లరు చూచినదే. రబ్బరు టైర్లు వచ్చిన పిమ్మట పిల్లలకీ దృశ్యము కరవైనది. కమ్మరి పట్టాను చక్రముకంటె నించుక చిన్నదిగా చేయును. పిమ్మట దానిని పిడకలలో బెట్టి యెఱ్ఱగా గాల్చి, ఇద్దరు ముగ్గురు పట్టుకారులతో నెత్తి చక్రముపై దిగవిడిచి, వెంటనే నీళ్లు గ్రుమ్మరింతురు. బుస్సుమని పొగ లేచును. పట్టా బిగిసి, చక్రపు కీళ్లన్నియు కిఱ్ఱుమని యొక్కటగును. చక్రము ఒకటిన్నర మీటరు అడ్డుకొలత గలదైనచో దాని చుట్టుకొలత 4.7 మీటర్లు. ఉక్కు మీటరొక్కంటికి డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో వేయింట పండ్రెండు పాళ్లు సాగును. నాలుగువందల డిగ్రీలు వేడెక్కిన పట్టా ఈ లెక్కను రెండు సెంటీమీటర్లకు మించి పెరుగును. ఆ రెండు సెంటీమీటర్లే కమ్మరికి చాలును. చల్లారునపుడు అది ముడుచుకొను బలము బండి జీవితకాలమంతయు చక్రమును పట్టి యుంచును. ఈ బలమునే పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ఇనుము పెరుగుట స్వల్పమే, కాని ఆ పెరుగుట నడ్డగించినచో పుట్టు బలము స్వల్పము కాదు.

రైలుపట్టాలయందును ఇదియే కథ. గుంటూరునుండి దొనకొండ, మార్కాపురము రోడ్డు, కంబము, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాల, గుంతకల్లులకు పోవు మార్గము పూర్వము మీటరు గేజిగా నుండి, 1990వ దశకములో బ్రాడ్ గేజిగా మార్పబడినది. పాత మార్గములో ప్రయాణము చేసినవారికి "టకటక, టకటక" యను చప్పుడు జ్ఞాపకముండును. అది పట్టాకును పట్టాకును నడుమ విడిచిన సందుపై చక్రము దూకు చప్పుడు. 12 మీటర్ల పట్టా, రాత్రి చలికిని ఎండకాలపు మధ్యాహ్నమునకును గల 50 డిగ్రీల తేడాలో, ఏడు మిల్లీమీటర్లు పెరుగును. సందు లేనిచో అది పాము మెలిక వలె ప్రక్కకు వంగి రైలును పడద్రోయును. నేడు పట్టాలను కిలోమీటర్ల కొలది యేకముగా వెల్డింగు చేయుచున్నారు, చప్పుడు తగ్గినది. మరి పెరుగుట యెక్కడికి పోయెను? ఎక్కడికిని పోలేదు. కాంక్రీటు స్లీపర్లును కంకరయు పట్టాను కదలనీయక పట్టియుంచినవి. 60 కిలోల రకపు పట్టా ముప్పది డిగ్రీలు వేడెక్కినచో దానిలో ఏబది టన్నులకు మించిన ఒత్తిడి దాగియుండును. ఆ దీర్ఘమైన పట్టా కొసలయందు మాత్రము జారుటకు వీలుగా నొక ప్రత్యేకమైన అతుకు నుంచెదరు. ఎండవేళ కంకర త్రవ్వి పట్టాను వదులు చేయరాదని గ్యాంగుమనులకు కఠినమైన నియమము గలుగుటకు హేతువిదియే.

గొట్టముల సంగతికి వత్తము. రైలుపట్టాకు సూర్యుడొక్కడే వేడి నిచ్చును. ఆవిరిగొట్టమునకో, లోపలనే నిప్పున్నది. కృష్ణాతీరమున ఇబ్రహీంపట్నమువద్ద 1979లో మొదటి యూనిటు నడువనారంభించిన విజయవాడ థర్మల్ విద్యుత్కేంద్రమును తీసికొందము. అట్టి కేంద్రములలో బాయిలరునుండి టర్బైనునకు పోవు ఆవిరి సుమారు 540 డిగ్రీల వేడి గలది. గొట్టమును బిగించునాడు అది మన చేతివలె ముప్పది డిగ్రీలలో నుండును. నూరుమీటర్ల గొట్టము 540 డిగ్రీలకు చేరునప్పటికి డెబ్బది సెంటీమీటర్ల దాక పొడవగును. అనగా మూరెడు మీఱి పెరిగినదన్నమాట. రెండు కొసలను గట్టిగా బంధించి "పెరుగకుము" అన్నచో వినదు. నూరు డిగ్రీల వేడిమికే చదరపు సెంటీమీటరొక్కంటికి రెండు టన్నులకు మించిన ఒత్తిడి పుట్టి, సామాన్యమైన ఉక్కు లొంగిపోవు హద్దును సమీపించును. అప్పుడు గొట్టమైనను వంగవలెను, దానిని పట్టిన యంత్రమైనను పగులవలెను. టర్బైనువంటి సున్నితమైన యంత్రమును గొట్టము త్రోసినచో ఏమగునో వేరుగ చెప్పనేల?

దీనికి పూర్వికులు కనుగొనిన మొదటి యుపాయము వంపు. గొట్టమును తిన్నగా గొనిపోక, అక్కడక్కడ దీర్ఘచతురస్రాకారముగ బయటికి మళ్లించి మరల దారిలోనికి తెత్తురు. రైలు కిటికీనుండి చూచినపుడు కర్మాగారముల గొట్టములు త్రోవలో గుమ్మము కట్టినట్లు పైకి లేచి దిగుట మీరు చూచియుందురు. అది యలంకారము కాదు. గొట్టము పెరిగినపుడు ఆ గుమ్మపు కాళ్లు కొంచెము లోనికి వంగి, పెరుగుటను మ్రింగును. మిక్కిలి వేడియు ఒత్తిడియు గల ప్రధానమైన ఆవిరిగొట్టములకు నేటికిని వంపులే శరణ్యము. అయితే వంపునకు చోటు కావలెను. అడ్డుకొలత మీటరు రెండుమీటర్లు గల గొట్టమునకు గుమ్మము కట్టుట సాధ్యము కాదు. టర్బైనునుండి వాడిన ఆవిరి కండెన్సరులోనికి దిగు చోటునను, పొగ పోవు పెద్ద మార్గములందును అట్టి యిరుకు గలదు. తిత్తి అవసరమైనది అక్కడనే. దానినే పనివారు బెల్లోస్ అనియు, ఎక్స్‌పాన్షన్ జాయింటు అనియు పిలుతురు.

మన ప్రార్థనాలయపు హార్మోనియమును తెఱచి చూడుడు. తిత్తి గుడ్డయో తోలో సాగుటచేత తెఱచుకొనుట లేదు. మడతలు విప్పుకొనుటచేత తెఱచుకొనుచున్నది. లోహపు తిత్తియు నట్లే. పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు రేకును గొట్టముగ చుట్టి, వెల్డింగు చేసి, లోపలినుండి నూనె లేక నీటి ఒత్తిడిచేతనో, చక్రములతో నొక్కియో అలలు తీర్తురు. ఒక్కొక్క అల కొలదిగా వంగును. పది అలలు కలసి వ్రేళ్ల వెడల్పు కొలది చలనమును భరించును. రేకు దళసరియైనచో వంగదు, పలుచనైనచో ఒత్తిడికి నిలువదు. కావున పలుచని రేకులను ఒకదానిలోపల నొకటి రెండు మూడు పొరలుగ నుంచుటయు గలదు. ఈ విద్య పుట్టుకలో ముచ్చట యొకటి గలదు. 1885లో జర్మనీదేశపు ఫోర్జ్‌హైము పట్టణమందు విట్జెన్‌మాన్ అను ఆభరణముల పనివాడు, ఫ్రాన్సుదేశీయుడైన లెవవసోర్ అను నతనితో గూడి, వంగెడు లోహపు గొట్టమును చేసెను. నగలలోని గొలుసుపనియే వారికి దారి చూపినది. తరువాత 20వ శతాబ్దపు తొలి యేండ్లలో అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రమందు వాతావరణశాఖ యుద్యోగియైన వెస్టన్ ఫుల్టన్ అతుకులేని లోహపు తిత్తిని చేసి, దానికి సిల్ఫాన్ అని పేరు పెట్టెను. కంసాలియు, వానలెక్కల యుద్యోగియు చేసిన పనిని నేడు ఉక్కుకర్మాగారములు వాడుకొనుచున్నవి.

ఇంతవరకు తిత్తిని పొగడితిమి. ఇక దాని దోషమును చెప్పవలెను. గొట్టము గట్టిది, లోపలి ఒత్తిడి దానిని పొడవునకు సాగదీయజూచినను సాగదు. నడుమ తిత్తి పెట్టగానే ఆ గట్టితనము తెగినది. హార్మోనియములో గాలి నిండినపుడు తిత్తి విప్పారినట్లు, లోపలి ఒత్తిడి లోహపు తిత్తిని విప్పదీయజూచును. 50 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గొట్టములో చదరపు సెంటీమీటరుకు పది కిలోల ఒత్తిడి యున్నదనుకొందము. వైశాల్యము 1963 చదరపు సెంటీమీటర్లు. త్రోపు దాదాపు ఇరువది టన్నులు. నిండుగ పలకరాయి కెత్తిన లారీయంత బరువు ఆ గొట్టమును రెండు వైపులకు త్రోయుచున్నదని యూహింపుడు. దానిని పట్టుటకు రెండు మార్గములు గలవు. గొట్టమునకు ఇరుప్రక్కల యాంకర్లనెడి బలమైన దిమ్మెలను కట్టి, గొట్టము వంకరపోకుండ గైడ్లు పెట్టుట యొకటి. తిత్తి రెండు కొసలను టై రాడ్లనెడి ఉక్కు కడ్డీలతో కలిపి, త్రోపును వానిచే మోయించుట రెండవది. కడ్డీలు బిగించిన తిత్తి పొడవునకు సాగదు. ప్రక్కకు మాత్రమే కదలును. ఏది యెచట తగునో లెక్క చూచి నిర్ణయింపవలెను గాని కంటితో చూచి కాదు.

లెక్క చూడనిచో నేమగునో 1974 జూన్ 1వ తేదీ, శనివారమునాడు ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో గ్రామమువద్ద లోకము చూచినది. అచ్చట నైలానునకు వలయు సరకును చేయు కర్మాగారములో ఆరు పెద్ద పాత్రలు వరుసగా, ఒకదానికంటె నొకటి దిగువగా నుండెడివి. అయిదవ పాత్రకు పగులు కనబడగా దానిని తొలగించి, నాలుగవదానిని ఆరవదానితో కలుపుటకు 20 అంగుళముల గొట్టమును తాత్కాలికముగ వేసిరి. పాత్రల నోళ్లు 28 అంగుళములవి; వానివద్ద తిత్తులుండెను. నోళ్లు సమమైన యెత్తున లేవు గనుక గొట్టము రెండు మెలికలు తిరిగినది. దాని చిత్రమును కాగితముపై గీయలేదు. కార్ఖానా నేలమీద సుద్దముక్కతో గీచిరి. మన మార్కాపురపు పలకమీద బాలుడు గీచు లెక్కనైనను మాస్టరు దిద్దును. ఆ సుద్దగీతను దిద్దినవారు లేరు. రెండు తిత్తులకు నడుమనున్న గొట్టమును కట్టుటకు యాంకర్లు లేవు, కడ్డీలు లేవు. క్రింద తాత్కాలికపు సారువ మాత్రముండెను. రెండు త్రోపులును ఒకే గీతలో లేనందున అవి గొట్టమును మెలిపెట్టజూచినవి. రెండు నెలలు నడచినది. ఆ శనివారము సాయంకాలము గొట్టము ఊడిపోయి, సైక్లోహెక్సేను ఆవిరి మేఘమై క్రమ్మి, మండి ప్రేలెను. ఇరువది యెనిమిదిమంది చనిపోయిరి. వారాంతము గాకున్నచో కార్యాలయములలో జనము నిండియుండి మృతులసంఖ్య మఱింత పెరిగెడిది. విచారణసంఘము ఆ తాత్కాలికపు గొట్టమే మూలమని తేల్చెను.

అంత దూరము పోనేల? మా పూర్వవిద్యార్థి యొకడు క్రిస్మసు సెలవులకు వచ్చి చెప్పిన సంగతి వినుడు. అతడు పనిచేయు చోట క్రొత్త గొట్టములో నీరు నింపి ఒత్తిడి పరీక్ష చేయబోవుచుండిరి. తిత్తులు కర్మాగారమునుండి వచ్చునపుడు త్రోవలో సాగకుండ, వంగకుండ రవాణాకడ్డీలు బిగించి పంపుదురు. అవి సాధారణముగ పసుపురంగువి. గొట్టము బిగింపంతయు ముగిసిన పిమ్మట వానిని తీసివేయవలెను. లేనిచో తిత్తి యున్నను లేనట్లే. టై రాడ్లను మాత్రము ఎన్నడును తీయరాదు. అచ్చట నొక తొందరపాటు మనిషి రెండును ఒకటే యనుకొని అన్నిటిని కోసివేసెను. నీటి ఒత్తిడి యెక్కగానే తిత్తి మడతలన్నియు విప్పుకొని సాదా రేకువలె నిలిచినవట. గొట్టము తన ఆధారములనుండి జారి క్రిందపడెను. అది భోజనవేళ యగుటచే క్రింద నెవరును లేరు. "వేళ అటునిటయైనచో నేనీ క్రిస్మసునకు రాకపోయెడివాడను మాస్టరుగారూ" అని అతడు మెల్లగ చెప్పెను. మాకు చాలసేపు మాట రాలేదు.

ఈ పనికి పోవు మన పిల్లలకొఱకు అతనినే అడిగి మఱికొన్ని తెలిసికొంటిమి. రెండు గొట్టముల నోళ్లు కలియకున్నచో తిత్తిని లాగి కలుపరాదు. ఆ తప్పు గొట్టముది, దానిని గొట్టముననే సరిచేయవలెను. తిత్తిపై బాణపుగుర్తున్నచో ప్రవాహము ఆ దిక్కుననే పోవలెను. దగ్గర వెల్డింగు చేయునపుడు నిప్పురవ్వలు పలుచని రేకుపై పడకుండ కప్పవలెను. ఉప్పునీరు నిలిచినచో స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు కనబడకయే చీలును. తీగను పలుమారు వంచినచో తెగును గదా. తిత్తికిని వంగుట కొక లెక్క గలదు, అది తీరినవెంటనే మార్చవలెను.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు గిద్దలూరు బాలుని పిలిచి ఆ ఛాయాచిత్రమును మరల చూచితిమి. తిత్తి చుట్టును నాలుగు కడ్డీలు గలవు. అవి టై రాడ్లో, తీయ మఱచిన రవాణాకడ్డీలో, చిత్రమున నీడ పడినందున మేము తేల్చలేకపోతిమి. ఆ సాయంకాలమే అన్నకు ఫోను చేసి యడుగుమని బాలునితో చెప్పితిమి.