తెరిపి లేని శరత్తు: 2000లో యార్క్ నగరం

సగటు వర్షపాతం, విపరీత వర్షపాతం అనే మాటలను మీరు ఇంతకుముందు భాగంలో చదివారు. ఆ అంకెలు ఒక ఊరి దైనందిన జీవితంలో ఎలా కనిపిస్తాయో ఇక్కడ ఒకే ఒక ఉదాహరణతో చూద్దాం. ఊరు ఉత్తర ఇంగ్లాండులోని యార్క్. కాలం 2000వ సంవత్సరపు శరత్తు.

శరత్తు అనగానే మనకు తేటపడిన ఆకాశం, పండువెన్నెల గుర్తుకొస్తాయి. ఇంగ్లాండులో సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలను శరత్తుగా లెక్కిస్తారు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా అల్పపీడనాలు వచ్చిపోయే కాలమది. కాబట్టి వాన అక్కడ వింత కాదు. ఆ ఏడు వింతేమిటంటే, అల్పపీడనాలు తెరిపి ఇవ్వకుండా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇంగ్లాండ్, వేల్స్‌లలో ఆ మూడు నెలల్లో సగటున 503 మిల్లీమీటర్ల వాన పడింది. 1766 నుంచి ఉన్న లెక్కల్లో అప్పటివరకు అంత వాన పడిన శరత్తు మరొకటి లేదు.

మన కోస్తా జిల్లాల విద్యార్థులకు ఈ అంకె పెద్దగా అనిపించకపోవచ్చు. కానీ వానను మిల్లీమీటర్లలో మాత్రమే చూస్తే పొరపాటు పడతాం. చల్లని దేశంలో, పొద్దు తగ్గిపోయే నెలల్లో, నేల మీది తడి త్వరగా ఆరదు. అక్టోబరు చివరికి అక్కడి నేల నీళ్లు పీల్చిన స్పాంజిలా నిండిపోయింది. ఆ తర్వాత కురిసింది చాలావరకు నేరుగా నదుల్లోకే పోయింది.

ఇప్పుడు పటం తీసి చూడండి. యార్క్ నగరం మధ్యగా ఊజ్ నది పారుతుంది. దానికి నీరు తెచ్చేవి స్వేల్, యూర్, నిడ్ అనే నదులు, అవి పడమటి కొండల నుంచి దిగివస్తాయి. అందువల్ల యార్క్‌లో ఎండ కాస్తున్న రోజున కూడా నది పెరగవచ్చు. అక్కడివారు తమ ఆకాశం కంటే కొండల మీది వానను ఎక్కువగా పట్టించుకోవడానికి కారణం ఇదే. 2000 నవంబరు 4న ఊజ్ నది మామూలు మట్టం కంటే సుమారు 5.4 మీటర్లు పైకి వచ్చింది. నగరంలో 540 దాకా ఇళ్లు, దుకాణాలు మునిగాయి. సైనికులు కూడా వచ్చి ఇసుక బస్తాలు పేర్చారు. అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ వద్ద జరిగిన రైలు ప్రమాదం తర్వాత దేశమంతటా రైళ్ల వేగం తగ్గించారు. దానికి వరద తోడై ప్రయాణాలు మరింత అస్తవ్యస్తమయ్యాయి.

వరదతో కాపురం చేయడం ఆ ఊరికి పాత అలవాటే. ఒడ్డునే ఉన్న కింగ్స్ ఆర్మ్స్ అనే పానశాల నీళ్లలో మునగడం తరచు జరిగే పని. సాధారణంగా ఇలాంటి చోట్ల సరుకు నేలమాళిగలో ఉంటుంది. ఇక్కడ మేడ మీద పెట్టారు. ఏ ఏడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గుర్తులు ఉన్నాయి. నా దృష్టిలో ఆ గోడ ఒక మంచి పాఠ్యపుస్తకం.

అయితే మామూలు ఇంటికి ఆ సౌకర్యం లేదు. నీళ్లు కొద్ది రోజుల్లో తీసిపోతాయి, తడి పోదు. తివాచీలు, చెక్క నేల, గోడల పూత పీకేసి ఇంటిని నెలల తరబడి ఆరబెట్టాలి. అంతకాలం కుటుంబం పై అంతస్తులోనో, బంధువుల దగ్గరో, అద్దె ఇంట్లోనో తలదాచుకోవాలి. మునిగిన ఇళ్ల సంఖ్య చదివేటప్పుడు ఈ నెలల లెక్క కూడా మీ మనసులో ఉండాలి.

ఊజ్‌లో ఫాస్ అనే చిన్న నది కలుస్తుంది. ఊజ్ పొంగితే ఆ నీరు ఫాస్‌లోకి ఎగదన్ని, దాని ఒడ్డు ఇళ్లను ముంచుతుంది. 1982 వరద తర్వాత, 1987లో సంగమం దగ్గర ఒక తలుపు కట్టారు. తలుపు దించితే ఊజ్ నీరు లోపలికి రాదు. కానీ ఫాస్ నీరు కూడా బయటికి పోదు కదా! దాన్ని పంపులతో ఎత్తి ఊజ్‌లో పోస్తారు. 2015 డిసెంబరు 26న పంపుల విద్యుత్ పరికరాలకు నీటి ముప్పు రావడంతో తలుపు ఎత్తవలసి వచ్చింది, ఫాస్ ఒడ్డు ఇళ్లు మునిగాయి.

2000 నాటి వానలు కేవలం యాదృచ్ఛికమా? 2011లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్ని పరిశీలించింది. మనుషులు వదిలిన హరితగృహ వాయువులు ఉన్న లోకాన్ని, లేని లోకాన్ని కంప్యూటర్‌లో వేలసార్లు నడిపి పోల్చారు. ఆ లెక్కలకు స్వచ్ఛందంగా తమ ఇంటి కంప్యూటర్లను ఇచ్చినవారు సామాన్య ప్రజలు. ఆ వాయువుల వల్ల అలాంటి వరద వచ్చే అవకాశం 20 శాతానికి మించి పెరిగిందని పది ఫలితాల్లో తొమ్మిది చూపాయి. గమనించండి: అది వరదకు వాయువులే కారణమని చెప్పలేదు, అవకాశం ఎంత పెరిగిందో మాత్రమే చెప్పింది. పరీక్షల్లో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ఊజ్, ఫాస్ నదుల సంగమాన్ని గీసి, తలుపు ఎక్కడ ఉండాలో గుర్తించండి. తలుపు ఒక్కటే ఉండి పంపులు లేకపోతే ఏమవుతుందో ఐదు వాక్యాల్లో రాయండి.