నాట్ల హడావుడిలో బీపీ బిళ్ల మానకండి

పంపుసెట్టు మోటారు ఎందుకు కాలిపోతుందో రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. వోల్టేజి హెచ్చుతగ్గులవుతున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లూ పోస్తూనే ఉంటుంది. లోపల వైండింగు మాత్రం వేడెక్కి వేడెక్కి ఒకనాడు మాడు వాసన కొడుతుంది. బీపీ కూడా అలాంటిదే. తలనొప్పి వస్తేనే బీపీ అనుకోవడం పొరపాటు. చాలామందికి ఏ బాధా ఉండదు. తీరా తెలిసేసరికి మూతి వంకర పోయి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయి ఉంటాయి. ఎకరం, రెండెకరాలున్న ఇంట్లో పక్షవాతం వస్తే మంచాన పడేది ఒక్కరే అయినా సేద్యమంతా ఆగిపోతుంది. ఆసుపత్రి అప్పుకు పొలం కౌలుకు పోతుంది, ఒక్కోసారి అమ్మకానికే పోతుంది.

"రెక్కల కష్టం చేసేవాళ్లకు షుగరేమిటండీ, అది కూర్చుని తినేవాళ్ల జబ్బు" అంటుంటారు. ఆ రోజులు పోయాయి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలోని పల్లెల్లో పెద్దవాళ్లను చూస్తే నూటికి 33 మందికి బీపీ, దాదాపు 9 మందికి షుగరు ఉన్నట్టు తేలింది.

మరి మీకుందో లేదో ఎలా తెలుస్తుంది? ఇక్కడే మీ ఊరి ఆశా కార్యకర్త పని మొదలవుతుంది. 30 ఏళ్లు దాటిన ప్రతివారి వివరాలూ ఆమె రాసుకుంటుంది. పొగాకు, సారా అలవాట్లు, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా అని అడుగుతుంది. నడుం చుట్టూ టేపు పెడుతుంది. దర్జీలా కొలతలేమిటని నవ్వకండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాల్సిందే. తర్వాత ఏఎన్ఎం బీపీ చూసి, వేలికొస నుంచి రక్తపు చుక్క తీసి షుగరు చూస్తుంది. బీపీ 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే, షుగరు ఎక్కువుంటే, డాక్టరు దగ్గరకు పంపుతారు. మందు రాసేది డాక్టరే, ఆశా కాదు.

చిక్కల్లా ఆమె వచ్చే వేళకు మీరు పొలంలో ఉంటారు. పేరు రాసుకునేది ఇంట్లో ఉన్న ముసలమ్మది ఒక్కతిదే అవుతుంది. ముందే కబురు చేసి, పొద్దున్నే పొలానికి వెళ్లేలోపు రమ్మనండి. ఆమె మీ ఊరి మనిషే. నెల జీతగత్తె కాదు, ఆమెకిచ్చేది పారితోషికమే. ఊరికే తిప్పితే పాపం.

అసలు కష్టం మందులు మొదలైన తర్వాత వస్తుంది. నెల రోజులు వేసుకోగానే బీపీ దిగుతుంది. "తగ్గింది గదా, ఇంకెందుకు" అని మానేస్తారు. దిగింది బిళ్ల వల్లే. స్టెబిలైజరు పీకేస్తే మోటారు గతేమిటో మీకు తెలుసు. పైగా నారు ముదిరిపోతున్నప్పుడు మందుల కోసం ఒక పూట పోగొట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పదు. అందుకే నాట్లకు ముందే నెలకు సరిపడా మాత్రలు తెచ్చుకోండి. మీరు వెళ్లలేకపోతే మాత్రలు అందే దారేమిటో ఆశానడగండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాకు లేదని తిప్పి పంపే రోజులూ ఉంటాయి. అప్పుడూ మానవద్దు. జనరిక్ మందుల దుకాణంలో అదే మందు చౌకగా దొరుకుతుంది.

షుగరున్నవారికి పొలంలో రెండు గండాలు. మొదటిది, మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పనిలోకి దిగడం. కొన్ని రకాల మాత్రలతో షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. తువ్వాలు కొంగున బెల్లం ముక్క, ఓ చిన్న పొట్లంలో పంచదార ఉంచుకోండి. వెంటనే నోట్లో వేసుకుని, ఆ తర్వాత అన్నం తినండి.

రెండోది కాళ్లు. షుగరు ముదిరితే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. తుమ్మముల్లు దిగినా తెలియదు. బురదలో నానిన పుండు లోలోపలే పెరిగి, చివరికి వేలు తీసేయాల్సి వస్తుంది. వీలైనంత వరకు చెప్పులు, బూట్లు లేకుండా చేలోకి దిగకండి. రాత్రి కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, దీపం వెలుతురులో అరికాళ్లు చూసుకోండి. మీకు కనబడకపోతే పిల్లల చేత చూపించుకోండి. ముల్లును కత్తితో కెలకవద్దు.

ఉప్పు రోజుకు చెంచాడు చాలు. ఊరగాయ, ఎండుచేప ఉన్న రోజున కూరలో తగ్గించండి.

మూతి వంకర పోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి లేవకపోయినా ఆ క్షణమే 108కి ఫోను చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలి. పసరు మందులు, పావురం రక్తం అంటూ ఆ గంటలు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ అరక పట్టడం కష్టం.

అన్నట్టు, మాత్రల అట్టను చొక్కా జేబులో పెట్టుకుని ఎండలో తిరగకండి. చెమటకూ వేడికీ పాడైపోతాయి. ఇంట్లో పళ్లపొడి పెట్టే గూటి పక్కనే, ఎండా తడీ తగలని చోట ఉంచండి. పొద్దున్నే కంటబడతాయి.