దోహా ఆసుపత్రిలో శనివారపు ఉపవాసము

గత ఉగాది పూజ ముగిసి, పచ్చడి పంచి, రామభజన వారు తాళములు సర్దుకొనుచుండగా మా గుడి మంటపమున స్త్రీలందఱు ఒకచో గుమిగూడిరి. కారణమేమన, ఖతారు దేశమున నర్సుగా పని చేయుచున్న మా పేట సోదరి యొకతె సెలవుపై వచ్చి యుండెను. అత్తలు, పిన్నమ్మలు మొదట అడిగినది జీతమును గూర్చి. పిదప ఎండను గూర్చి. తరువాత ఒక ముదుసలి అడిగినది: "అన్ని దేశాల వాళ్ళు ఉండే చోట ఎవరి బాధ ఎవరికెలా తెలుస్తుందమ్మా?" మొదటి రెంటికి క్లుప్తముగ జవాబిచ్చిన ఆ సోదరి ఈ ప్రశ్నకు సాయంకాలపు దీపారాధన వేళ వఱకు చెప్పుచునే యుండెను. ఆమె చెప్పినదానిని, మాకు తెలిసిన కొలదిని చేర్చి, చదువరులకు అందించుచున్నాము. ఆమె పేరు గాని, రోగుల పేర్లు గాని, ఆసుపత్రి పేరు గాని వ్రాయము. అది ఆమె కోరిక; ఆమె వృత్తిధర్మము కూడ అదియే.

ఖతారు అరేబియా తీరమున సింధుశాఖలోనికి చొచ్చుకొని యున్న చిన్న దేశము. చిన్నదన్నను మన మారిషసునకు సుమారు ఆరింతలు. జనసంఖ్య 30 లక్షలకు అటునిటుగా నుండును. అందు స్వదేశీయులు సుమారు పదియవ వంతు మాత్రమే. తక్కినవారు భారతదేశము, నేపాలు, బంగ్లాదేశము, ఫిలిప్పీన్సు, ఈజిప్టు, పాకిస్తాను, సింహళము మొదలగు చోట్లనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. అందు మన తెలుగువారును కలరు. కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు వైపు నుండి మగవారు కట్టడపు పనులకు, గోదావరి జిల్లాలనుండి, కడప నుండి స్త్రీలు ఇంటిపనులకు పోవుట చాల కాలముగ జరుగుచున్నది. దోహా నగరమున 1957లో రుమైలా ఆసుపత్రి వెలసినది. 1979లో హమద్ వైద్య సంస్థ ఏర్పడి, 1982లో హమద్ జనరల్ ఆసుపత్రిని తెఱచెను. పారిశ్రామిక ప్రాంతపు కార్మికులకై హజ్మ్ మెబైరీక్ ఆసుపత్రి 2018లో ప్రారంభమైనది. పడమటి తీరమున దుఖాన్ వద్ద 2012లో తెఱచిన ఆసుపత్రిలో వైద్యులును నర్సులును క్యూబా దేశమునుండి వచ్చినవారు. క్యూబాయు మనవలె చెరకు ద్వీపమే. ఆ చెరకు ద్వీపపు స్పానిషు నోటికి, నేపాలీ కూలివాని చెవికి మధ్య ఒక మాట నడువవలెనన్నచో ఎంత దూరమో ఆలోచింపుడు.

ఇక సోదరి చెప్పిన కథ.

ఒక వేసవి శనివారమున నలుబది దాటిన ఒక కార్మికుని అత్యవసర విభాగమునకు తెచ్చిరి. వెంట వచ్చిన ఫోర్‌మను "కండ్ల బాధ" యని హిందీలో చెప్పెను. రోగి పలికినది "కండ్లు తిరుగుతున్నయి" యని. ఆ మాటను యథాతథముగ మార్చినచో కనుగ్రుడ్లు తిరుగుటయే యగును గదా! అదృష్టవశమున అచటి నియమము ప్రకారము వ్రేలు పొడిచి రక్తములో చక్కెర చూచిరి. చాల తక్కువగ నుండెను. చక్కెర నీరెక్కించి, తేరుకొనిన పిదప, భోజనము మానకుమని చెప్పి పంపివేసిరి. రోగి తల ఊపెను. మనవారి తల ఊపు అడ్డముగ నిలువుగ కలిసి యుండును. అది అవుననియో కాదనియో జోర్డాను నర్సునకు తెలియనే లేదట.

రెండు వారములకు అతడే మరల వచ్చెను. ఆనాడు మా సోదరి విధిలో నుండెను. అతడు గొణుగుచున్న "పానం పోయేటట్టున్నది" అను మాట చెవిని బడి, తెలుగువాడని ఎఱిగెను. అయినను ఆమె తెలుగు మన ద్వీపపు తెలుగు. గుడిబడిలో నేర్చినది, మన ముత్తాతలు కోరంగి రేవునుండి మూటగట్టి తెచ్చినది. అతనిది జగిత్యాల తెలుగు. మొదటి పది నిముషములు ఒకరిమాట ఒకరికి సగమే అర్థమైనది. ఫోర్‌మను ప్రక్కనే నిలిచి, అడిగిన ప్రతిదానికి తానే జవాబు చెప్పుచుండెను. సోదరి అతనిని కాగితములు నింపుటకై బయటి గదికి పంపి, కుర్చీ దగ్గఱకు లాగుకొని కూర్చుండి, "అన్నా, పొద్దున ఏమి తిన్నావు?" అని అడిగెను.

"ఇయ్యాల శనివారం గద అక్కా. ఒక్కపొద్దు."

ఒక్కపొద్దు అన్నచో ఉపవాసమని ఆమెకు వెంటనే తట్టలేదు. తట్టిన పిదప తక్కినదంతయు తానే బయటపడెను. కుమార్తె వివాహమగునంతవఱకు శనివారములు ఉపవసింతునని కొండగట్టు అంజన్నకు మ్రొక్కుకొని యుండెను. అతనికి చక్కెర వ్యాధి కలదు. ఊరినుండి వచ్చు స్నేహితులచేత గ్లిమిపిరైడు మాత్రలు తెప్పించుకొని రహస్యముగ వేసికొనుచుండెను. ఆ మాత్ర కడుపు నిండియున్నను, ఎండియున్నను రక్తములోని చక్కెరను దించుచునే యుండును. శుక్రవారము సెలవు, శనివారము పని. ఖతారులో 2021 నాటి ఉత్తర్వు ప్రకారము జూను 1 నుండి సెప్టెంబరు 15 వఱకు పగలు 10 గంటలనుండి 3½ వఱకు ఆరుబయట పని నిషేధము. కాని ప్రొద్దు పొడవక మునుపే పని మొదలగును. ఎండ, ఖాళీ కడుపు, మాత్ర, ఈ మూడును కలిసిన చోట మనిషి నేల వ్రాలక ఏమి చేయును? "మొదటిసారి వచ్చినప్పుడే చెప్పలేదేమి?" అని ఆమె అడిగినది. "ఆయన పక్కన్నే ఉన్నడు గద. షుగరున్నదని కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపిస్తరు. అప్పున్నది" అని అతడు చెప్పెను.

ఇచట కొంచెము ఆగవలసి యున్నది. ఈ మాట విన్నప్పుడు మాకు మా ముత్తాతల నాటి సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఆ కాలమున చెరకు తోటల కూలివాడు ఒక దినము పనికి రాకున్న రెండు దినముల కూలి కోసెడివారు. జంటకోత యని దాని పేరు. తోట ఆసుపత్రిలో రోగికిని వైద్యునికిని నడుమ భాష చెప్పవలసినవాడు తఱచుగ సర్దారే. పని పుచ్చుకొనువాడే మాట మార్చువాడైనచో రోగి నోట నిజమెట్లు వచ్చును? "కోరంగీలు మూగవాళ్ళు" అని దొరలు అనుకొనెడివారని మా యింట చెప్పుకొనెడి మాట కలదు. మూగవారు కారు, మాటాడిన నష్టమని తెలిసినవారు. అందుచేత నర్సింగు చదువుకొను మన పిల్లలకు మేము గట్టిగ చెప్పదలచినది ఇది: సంస్కృతి యనగా పండుగలు, కట్టుబొట్టులు మాత్రమే యనుకొనకుడు. రోగి ఎవరికి భయపడుచున్నాడో తెలిసికొనుట వానికన్న ముందటి పని.

సోదరి ఆ సాయంకాలము మాకు ఫోను చేసెను. ఖతారు గడియారము మనకన్న ఒక గంట వెనుక గాన ఇచట సంధ్యాహారతి అప్పుడే ముగిసినది. "అయ్యగారూ, ఈయనను ఉపవాసం మానమంటే మానడు. నేను మానమని చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. శాస్త్రంలో దారి ఉందా?" అని అడిగినది. కలదు. నీరు, కందమూలములు, ఫలములు, పాలు, ఔషధము, గురువు మాట ఇట్టివి వ్రతమును భంగపఱచవని మన పెద్దలు ఏనాడో చెప్పి యున్నారు. బాలురకు, వృద్ధులకు, రోగులకు సడలింపు కలదు. ఆ దేశపు మతమునందును రోగికి, బాటసారికి ఉపవాసము తప్పనిసరి కాదు. తరువాత వేఱు దినములలో తీర్చుకొనవచ్చును. మా చదువు ప్రాథమిక పాఠశాలతో ఆగినది, మంత్రభాగము మా తండ్రిగారి వద్ద నేర్చితిమి. అయినను ఈ మాట చెప్పుటకు అది చాలినది. ఆమె ఫోనును రోగి చెవి కడ పెట్టగా మేము మాటాడితిమి. అతడు చాలసేపు మౌనముగ నుండి, "అరటిపండు, పాలు తింటే అంజన్న కోపం జెయ్యడా?" అని మాత్రము అడిగెను. చేయడని చెప్పితిమి. వైద్యుడు మాత్రను, వేళను మార్చెను.

మిగిలినది రహస్యపు చిక్కు. రోగి వ్యాధిని ఫోర్‌మనుకు చెప్పుట ధర్మము కాదు. కాని అతడు పని చేయునది ఎత్తయిన పరంజాపై. కండ్లు తిరిగి పడినచో అతని ప్రాణమే కాక క్రిందివాని ప్రాణము కూడ పోవును. చివరకు, రోగి అంగీకారముతో, వ్యాధి పేరు లేకుండ, కొంతకాలము నేలమీది పనియే ఇయ్యవలెనని వైద్యుడు వ్రాసి యిచ్చెను. అది సరియైన తీర్పో కాదో మా సోదరికి నేటికిని సందేహమే. అతడు మరల రాలేదు. ఆ తరువాత ఏమయ్యెనో ఆమెకు తెలియదు.

రంజాను మాసమున అచటి ఆసుపత్రులలో అందఱును ఉపవాసమును గూర్చి అడుగుదురట. తెల్లవాఱుజామున, సూర్యాస్తమయమున తిను వేళలకు మాత్రలను సర్దుదురట. శనివారమున హిందువు నడుగవలెనని ఎవరికి తోచును? అట్లని మా సోదరి తాను తప్పు చేయలేదని చెప్పలేదు. ఈజిప్టు స్త్రీ యొకతెకు, ముస్లిమే యనుకొని, రంజాను కాని దినమున పాలు పట్టుకొని పోయెను. ఆమె కోప్టు క్రైస్తవురాలు. వారి పెద్ద ఉపవాసపు రోజులలో మాంసమే కాదు, పాలును ముట్టరు. ముఖము చూచి మతము, దేశము చూచి ఆచారము నిర్ణయించుట కన్న నోరు తెఱచి అడుగుట మేలని ఆనాడు తెలిసెనట.

మందులలోను ఇట్టి సంగతులు కలవు. గొట్టపు మాత్రల పొరకు వాడు జెలాటిను తఱచుగ ఆవునుండియో పందినుండియో తీయుదురు. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు హెపారిను పంది ప్రేగులనుండి వచ్చును. ఇన్సులినును పూర్వము పశువుల నుండి తీసెడివారు. 1982 నుండి మానవ ఇన్సులినును సూక్ష్మజీవులచేత తయారు చేయుచున్నారు. అడిగిన రోగికి నిజము చెప్పి, వేఱు మందు కలదేమో వైద్యుని అడుగుట నర్సు పని. దాచిపెట్టుట దయ కాదు.

అమెరికా దేశపు మాడెలీన్ లైనింగరు అను నర్సు ఈ విషయమునే ఒక శాస్త్రముగ తీర్చెను. 1950లలో మానసిక బాధ గల పిల్లలను చూచుచు, వారి వారి యిండ్ల ఆచారములు తెలియనిచో తన సేవ సగమే యగుచున్నదని గ్రహించి, 1960ల ఆరంభమున న్యూగినీ కొండలలో గాడ్సప్ జనుల నడుమ నివసించి పరిశోధించెను. 2012లో పరమపదించెను. అరబ్బు దేశములవారు అంతకన్న ఎంతయో ముందటి రుఫైదాను స్మరింతురు. 7వ శతాబ్దమున మదీనాలో గుడారము వేసి క్షతగాత్రులకు సేవ చేసిన స్త్రీ యామె.

ఇంతవఱకు పరుల సంగతి. మా తప్పును కూడ చెప్పుకొనవలెను. కొన్ని ఏండ్ల క్రిందట మన ద్వీపమున ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు సిద్ధముగ నున్న భక్తుని చూడబోయి, అతడు కోరగా తులసితీర్థము, ఒక ముక్క లడ్డు ఇచ్చితిమి. ఏమియు తినరాదని మంచమునకు చీటి కట్టియుండెను. ఆంగ్లమున వ్రాసి యుండుటచే మేము చూచియు చూడలేదు. మత్తులో నున్నపుడు కడుపులోనిది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదట. చికిత్స మఱునాటికి వాయిదా పడినది. నర్సమ్మ పెద్దలచేత చీవాట్లు తినెను. మమ్ము ఒక్క మాటయు అనలేదు. అర్చకుడని వెఱచి యుండును. ఆ మౌనము మాకు నేటికిని గ్రుచ్చుకొనుచున్నది. ఆనాటినుండి వార్డులో అడుగు పెట్టినంతనే, "అమ్మా, ఈయనకు ఏమి ఇవ్వవచ్చు?" అని నర్సును అడిగిన పిదపనే తీర్థపు పాత్ర తెఱచుచున్నాము. తీర్థము నుదుట చల్లినను తీర్థమే. మూత్రపిండముల వ్యాధిగలవారికి ప్రేమతో కొబ్బరి బోండములు మోసుకొని పోవు బంధువులు ఇది గమనింపవలెను. ఆ నీటిలో పొటాషియము హెచ్చు. రక్తశుద్ధి చేయించుకొనువారికి అది గుండెను ఆపగల విషమగును. మంగళసూత్రము, జందెము, తాయెత్తు తీయవలసి వచ్చినపుడు రోగి ఏడ్చినచో, దానిని ఇంటివారి చేతికిచ్చి, పని ముగిసినంతనే మరల కట్టింపుడని నర్సును కోరవచ్చును. చాలమంది ఒప్పుకొందురు.

సోదరి తిరిగి పోవుటకు ముందు రోజున గుడికి వచ్చి, మమ్ము ఒక కాగితము వ్రాసి యిమ్మనెను. పంచాంగము చూచి ఏకాదశులు, సంకటహర చతుర్థులు, కార్తిక సోమవారములు, శివరాత్రి, ఇంగ్లీషు తేదీలతో వరుసగ వేసితిమి. శనివారములకు తేదీ అక్కఱలేదు గాన క్రింద ఒక పంక్తి వ్రాసితిమి. నర్సుల గదిలో రంజాను వేళల పట్టిక ప్రక్కన అంటింతునని తీసికొని పోయెను. మొన్న ఫోనులో చెప్పినది: ఫిలిప్పీన్సు నర్సు యొకతె అదే కాగితము అడుగున, తమ క్రైస్తవులు మాంసము మాను శుక్రవారములను తన చేతివ్రాతతో చేర్చినదట. చోటు చాలక ఇంకొక కాగితము అతికించిరట.