వైఫై దొంగ గోడ దాకా రావాల్సిందే

ఆళ్లగడ్డలో శిల్పుల ఉలి చప్పుళ్ల మధ్య నిలబడి ఫోన్‌లో వైఫై తెరిస్తే చుట్టుపక్కల ఇళ్ల పేర్లు వరసగా దిగుతాయి. రూటర్ కంపెనీ పెట్టిన పేర్లు కొన్ని, పిల్లల ముద్దుపేర్లు కొన్ని. నంద్యాలలో ఏ మేడెక్కి చూసినా ఇదే వరస. నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోన్ అంటూ 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ లాంఛనంగా మొదలైంది. కరెంటు స్తంభాల మీదుగా తీగ చిన్న ఊళ్ల నట్టింట్లోకి వచ్చేసింది. డబ్బా బిగించిన కుర్రాడు మన ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టి, ‘గుర్తుంటుంది సార్’ అని వెళ్లిపోతాడు. ఆ తర్వాత నెట్టు ఆగినప్పుడు తప్ప ఆ డబ్బా వంక చూసేవాళ్లుండరు.

అదే ఏడాది అక్టోబరులో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ వైఫైలో ‘క్రాక్’ అనే లోపాన్ని బయటపెట్టాడు. ఫోన్, రూటర్ కలుసుకునేటప్పుడు రహస్య తాళంచెవి ఒకటి కుదుర్చుకుంటాయి. ఆ సంభాషణలో ఒక సందేశాన్ని మళ్లీ పంపితే, వాడేసిన తాళంచెవినే ఫోన్ మళ్లీ వాడుతుంది. అప్పుడు గాల్లో వెళ్లే సమాచారాన్ని చదివే వీలు దొరుకుతుంది. 2021లో ఆయనే ‘ఫ్రాగ్‌అటాక్స్’ పేరుతో మరికొన్ని లోపాలు చూపించాడు. వాటిలో కొన్ని 1997 నాటి తొలి వైఫై నుంచీ ఉన్నవే. ప్రతిసారీ ప్రపంచం మునిగిపోతున్నట్టే వార్తలొచ్చాయి.

వీటికి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. నంద్యాల నూనెపల్లెలోని మీ సిగ్నల్‌ను పట్టాలంటే దొంగ నూనెపల్లెకే రావాలి, మీ గోడ పక్కనే కాపు కాయాలి. ఇంతా చేస్తే, బ్యాంకు యాప్ తన సమాచారానికి వేరే తాళం వేసుకునే పంపుతుంది. అప్‌డేట్ అయిన ఫోన్లలో ఆ లోపాలకు మరమ్మతూ అయిపోయింది. మీ ఖాతా మీద కన్నేసినవాడికి ఇంత శ్రమ ఎందుకు? పీఎం కిసాన్ పేరుతో ఒక నకిలీ యాప్‌ను (ఏపీకే ఫైల్) వాట్సాప్‌లో వదిలితే సరిపోతుంది.

భయపడాల్సిన చోటు వేరే ఉంది. రూటర్‌కు రెండు పాస్‌వర్డ్‌లుంటాయి. చుట్టాలొస్తే చెప్పేది ఒకటి. డబ్బా సెట్టింగుల్లోకి వెళ్లడానికి రెండోది. చాలా ఇళ్లల్లో ఈ రెండోదాని సంగతే తెలియదు. అది ఫ్యాక్టరీలో పెట్టిన ‘అడ్మిన్’గానే ఉండిపోతే, ఎక్కడో కూర్చున్నవాడు కూడా కొన్నిసార్లు లోపలికి దూరగలడు. పక్కనున్న కర్ణాటకలో 2017 జులైలో జరిగింది అదే. పాస్‌వర్డ్ మార్చని బీఎస్‌ఎన్‌ఎల్ మోడెమ్‌ల మీద మాల్‌వేర్ పడి వేల ఇళ్లల్లో నెట్టు ఆగిపోయింది.

కొన్ని రూటర్లకు పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్‌ను కలిపే డబ్ల్యూపీఎస్ అనే బటన్ ఉంటుంది. దాని పిన్ ఎనిమిది అంకెలు. పది కోట్ల ప్రయత్నాలు చేస్తే గానీ దొరకదనిపిస్తుంది. కానీ రూటర్ ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్క కట్టి చెప్పేయొచ్చు. అంటే 11 వేల ప్రయత్నాలు చాలు. 2011లోనే బయటపడిన సంగతిది.

మరి ఎవడో మన నెట్టు వాడుకుంటే పోయేదేముంది, కాస్త డేటానేగా? 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వచ్చిన బెదిరింపు మెయిల్, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లింది. ఆయనకు దాంతో ఏ సంబంధమూ లేదు. అయినా ఉగ్రవాద నిరోధక దళం (ఏటీఎస్) వెళ్లింది ఆయన ఇంటికే.

కాబట్టి ఈసారి కేబుల్ అబ్బాయి బిల్లుకొచ్చినప్పుడు ఒక పది నిమిషాలు కూర్చోబెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించి, డబ్ల్యూపీఎస్ ఆపించండి. కొత్త పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నా తప్పులేదు. బీరువా దాకా వచ్చిన దొంగ వైఫై కోసం వచ్చి ఉండడు. ‘ఈ మోడల్‌కు అప్‌డేట్లు రావన్నా’ అని అతనంటే, డబ్బానే మార్చమనండి.