నంద్యాల గాలి, ఆళ్లగడ్డ ధూళి

తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల. ఈ రెండు కొండల వరుసల నడుమ కుందూనది పాఱెడి నల్లరేగడి మైదానమున నంద్యాల పట్టణమున్నది. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఇది జిల్లా కేంద్రమైనది. దీనికి దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఆళ్లగడ్డ కలదు. కర్నూలు నుండి కడపకు పోవు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్లను కలుపుచున్నది.

గాలి చెడినదనగానే ఢిల్లీ వంటి మహానగరములు, మింటినంటు పొగగొట్టములు తలపునకు వచ్చును. చిన్న పట్టణములలో గాలి చెడు తీరు వేఱు. దానిని తెలిసికొనగోరువారు మొదట అడుగవలసినది “ఎవరు చెఱచిరి?” అని కాదు, “ఎప్పుడు చెడుచున్నది? ఎక్కడ చెడుచున్నది?” అని. వేళయు చోటును తెలిసినచో కారణము చాలవరకు తానే బయటపడును.

ధూళియంతయు ఒక్క తీరుది కాదు. మిల్లీమీటరును వేయి భాగములు చేసినచో అందొక భాగము మైక్రాను. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులుండును. 10 మైక్రానులకు మించిన రేణువులను ముక్కును గొంతును చాలవరకు అడ్డగించును. అంతకు చిన్నవి ఊపిరితిత్తులలోనికి దిగును. రెండున్నర మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల కొసనుండు సన్నని గాలిగదుల వఱకు పోవును. 10 మైక్రానులకు లోబడిన ధూళిని పి.ఎం. 10 అనియు, రెండున్నరకు లోబడినదానిని పి.ఎం. 2.5 అనియు శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. త్రోవలలో లేచు మన్ను ఎక్కువగా ముతక తరగతికి చెందును. మంటల పొగ సన్న తరగతికి చెందును. కావున ముతకది మాత్రమే పెరిగినచో మంటకంటె మంటినే ముందుగా అనుమానింపవలెను. ఘనమీటరు గాలిలో 24 గంటల సగటున పి.ఎం. 10 నూఱు మైక్రోగ్రాములును, పి.ఎం. 2.5 అరువది మైక్రోగ్రాములును మించరాదని మన దేశము 2009లో హద్దు నిర్ణయించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దులు ఇంకను తక్కువ: 45, 15.

ఇక వేళను చూడుడు. పుష్యమాసపు తెల్లవారుజామున మైదానపు టూళ్లలో పొగ పొలములపై చాప పఱచినట్లు నిలిచియుండును. మధ్యాహ్నమునకు అది కానరాదు. దీనికి కారణము నేల చల్లబడుట. రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లనగును; దానినంటిన గాలియు చల్లనై బరువెక్కి క్రిందనే నిలుచును. పైనున్న వెచ్చని గాలి కడవపై మూతవలె అడ్డపడును. పొయ్యిల పొగ, వీధిలో తగులబెట్టిన చెత్త పొగ, లారీల పొగ ఆ మూత క్రిందనే చిక్కుకొనును. ప్రొద్దెక్కి నేల వేడెక్కగా గాలి పైకి లేచును, మూత విడిపోవును. పొగ ఎచ్చటికో పోలేదు; పలుచబడినది, అంతియే. 1952 డిసెంబరులో లండను నగరముపై ఇట్టి మూత ఐదు దినములు తొలగలేదు. బొగ్గు పొగ వలన నాలుగు వేలకు పైగా ప్రజలు మరణించిరని అప్పటి లెక్క. పిమ్మట నాలుగేండ్లకు ఆ దేశము గాలిని కాపాడు చట్టము చేసికొన్నది.

వేసవిలో నంద్యాల సంగతి తలక్రిందులగును. ఎండలకు పేరుపడిన ఊరగుటచేత నేల మిక్కిలి కాగి, గాలి చాల ఎత్తునకు లేచి కలియును, పొగ నిలువదు. కాని ఎండి బీటలు వాఱిన రేగడి పొడియై లేచును. వాహనముల చక్రములు త్రోవ ప్రక్కల మంటిని మాటిమాటికి లేపుచుండును. క్రొత్త బండ్లకు 2020 ఏప్రిల్ నుండి కఠినమైన నిబంధనలు వచ్చి పొగ తగ్గినను, చక్రము లేపు దుమ్మును ఏ యంత్రమును తగ్గింపజాలదు. తుదకు వానలు వచ్చి గాలిని కడిగివేయును. అనగా ఒకే ఊరికి చలికాలమున పొగ బాధ, వేసవిలో మన్ను బాధ. పొగకు చెత్త కాల్చుట మానుట మందు. మంటికి త్రోవ అంచులను గట్టిపఱచుట మందు. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు.

చోటును బట్టియు కారణము మాఱును. కర్నూలు - కడప కాలువ నీటితో పండు వరి నంద్యాల మిల్లులకు వచ్చును. మిల్లు కొలిమిలో ఊక సరిగా కాలనిచో దాని మసి గాలితో ఎగురును. పడమటి వైపున బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములలో సున్నపురాయి నిక్షేపములు, వానినాశ్రయించిన సిమెంటు కర్మాగారములు, నాపరాళ్ల పరిశ్రమలు కలవు. నాపరాతికి నునుపు పెట్టునపుడు నీరు పోయుదురు గనుక దుమ్ము లేవదు. అయితే ఆ తెల్లని బురదను త్రోవ ప్రక్కన పోసి ఎండనిచ్చినచో నాడు అణగిన దుమ్మే మఱునాడు లేచును!

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది ఆళ్లగడ్డ. ఆ ఊరు శిల్పులకు ప్రసిద్ధి. అచ్చట మలచిన విగ్రహములు దూరప్రాంతముల ఆలయములకు పోవుచుండును. చేతి ఉలి దెబ్బకు రాతినుండి పెళ్లలు రాలును; సన్నని పొడి కొంచెముగా లేచును. విద్యుత్తుతో తిరుగు కోతచక్రము నెలల పనిని దినములలో చేయును గాని, రాతిని పిండివలె చేసి శిల్పి ముఖముపైకే చిమ్మును. రాతిలో సిలికా అను పదార్థముండును. గ్రానైటులో అది మిక్కుటము. ఊపిరితిత్తులలోని రక్షక కణములు ఆ రేణువును మ్రింగును, కాని కరగింపజాలక తామే చచ్చును. ఆ చోట మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడును. ఈ వ్యాధి పేరు సిలికోసిస్. ఇది ఏండ్ల తరబడి తెలియకుండ ముదురును. వచ్చిన పిదప మరలించు మందు లేదు. క్షయయు దీని వెంట సులభముగా వచ్చును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దీనిని తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. కాని ఇంటి ముంగిట పందిరి వేసికొని పని చేసికొనువానిని ఫ్యాక్టరీ చట్టము ఎంతవఱకు కాచినది? రాజస్థాన్ ప్రభుత్వము 2019లో ఇట్టి వ్యాధిగ్రస్తులకై ప్రత్యేక విధానమునే ప్రకటింపవలసి వచ్చినది.

ఇచ్చట సగటు లెక్క మోసపుచ్చును. ఊరి నడుమ నొక మేడపై నిలిపిన యంత్రము ఊరందరి గాలిని కొలుచును గాని, చక్రమునకు మూరెడు దూరమున వంగి కూర్చున్న ఒక్క మనుష్యుని ఊపిరిని కొలువదు. 2019లో కేంద్ర ప్రభుత్వ మారంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు పట్టికలో కర్నూలు పేరు కలదు. నంద్యాల, ఆళ్లగడ్డల పేర్లు లేవు. పట్టికలో లేని ఊరిలోను అట్టి పందిరి క్రింద గాలి మిక్కిలి చెడియుండవచ్చును.

శిల్పులు ముఖమునకు తుండుగుడ్డ చుట్టుకొనుట కలదు. గుడ్డ పోగుల నడుమ సందులు సన్నని రేణువులకు వాకిళ్ల వంటివి. ముతక దుమ్మును మాత్రమే అది ఆపును. సన్నని ధూళిని వడగట్టుటకై చేసిన ముసుగు మేలు. అంతకంటె మేలైనది ధూళిని పుట్టినచోటనే పట్టుట. చక్రము రాతిని తాకుచోట సన్నని నీటిధార పడునట్లు చేసినచో పొడి లేవక బురదయై జాఱును. విద్యుత్తు యంత్రము గనుక నీటికి తగినట్లు నిర్మించినదానినే వాడవలెను. నీరు కూడనిచోట పొడిని పీల్చు గొట్టమును చక్రము ప్రక్కనే అమర్చుదురు. జాఱిన బురదను ఎండకముందే ఎత్తివేయవలెను. లేనిచో నాపరాళ్ల త్రోవలలో జరుగునదే శిల్పి పందిరిలోను జరుగును.