నాటకానికి తాళమేసేది ఎవురప్పా?

సెన్సారంటే సినిమాకిచ్చే సర్టిఫికెట్టే అనుకుంటాండారు మన పిల్లోళ్లు. సినిమా పుట్టకముందే నాటకానికి తాళం పడింది. 1876లో తెల్లదొరలు నాటక ప్రదర్శనల చట్టం తెచ్చినారు. సర్కారుకు గిట్టని నాటకాన్ని ఆపొచ్చు, ఆడినోళ్లను జైల్లో ఎయ్యొచ్చు.

సుంకర, వాసిరెడ్డి కలిసి 1947లో రాసిన 'మాభూమి' తెలంగాణ రైతుల తిరుగుబాటు కథ. ఊరూరా ఆడతాంటే మద్రాసు సర్కారు నిషేధం పెట్టింది. అప్పుడు మన అనంతపురం గూడా మద్రాసు కిందనే. ఆ సర్కారు నడిపింది దొరలు గాదు, కాంగ్రెసోళ్లు!

దొరల చట్టాన్ని ఢిల్లీలో 2018లో తీసేసినారు. పీడ పోయిందనుకుంటే 2022 జనవరిలో మన రాష్ట్ర సర్కారు 'చింతామణి'ని నిషేధించింది. వేశ్యల మోజు కొంపలు కూల్చుతాదని చెప్పేకి కాళ్లకూరి నారాయణరావు రాసిన నాటకమది. రానురాను సుబ్బిశెట్టి పాత్రకు బూతులు అతికిచ్చినారు. ఆర్యవైశ్యులు నొచ్చుకున్నారు. వాళ్ల బాధ నిజమే. ఒక కులాన్ని ఎగతాళి చేసి నవ్విచ్చేది ఏం కళ?

అయితే ఆ మాటలు తీసేపిచ్చేదానికి బదులు నాటకాన్నే మూసేస్తే ఎట్ల? సినిమాకైతే ఫలానాది కోయమని బోర్డు కాగితమిస్తాది, ఒప్పుకోకుంటే హైకోర్టుకు పోవచ్చు. హార్మోనీ వాయించేటోడు, రంగు పూసేటోడు కోర్టుకు యాడికి పోతారు? వానల్లేక శెనక్కాయ ఎండిన ఏడు వాళ్లకు తిరణాల నాటకమే కూడు.

మీ ఊర్లో ముసలి నటులుంటే అడగండి, సుబ్బిశెట్టి మాటల్లో రాసిందెంత, కలిపిందెంత అని. ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి.