రోము నాణెము, వేలంపాట

గత సంవత్సరము ఒక విద్యార్థి చేతిరుమాలులో ముడివేసికొని ఒక రాగి నాణెమును మా యొద్దకు తెచ్చెను. "సార్, ఇది రోము నాణెమట. వేలం వేస్తే ఎంత వస్తుంది?" అని అడిగెను. కండ్లద్దములు సవరించుకొని చూచితిమి. అది 1835వ సంవత్సరపు తూర్పు ఇండియా కంపెనీవారి పావు అణా. బాలుని ముఖము చిన్నబోయినది. "ఇది ఎక్కడ దొరికినది?" అని మేము అడుగగా, "తెలియదు సార్, మామ ఇచ్చినాడు" అనెను.

అతని ఆశ వట్టిది కాదు. మన ఎట్టయాపురమునకు దక్షిణమున, తూత్తుకుడి దాటిన పిమ్మట, తామ్రపర్ణి సముద్రమున కలియు ప్రాంతమందు కొర్కై యను చిన్న గ్రామము కలదు. నేడు సముద్రము దానికి దూరముగ తొలగిపోయినది. కాని క్రీస్తు శకము మొదటి శతాబ్దిలో ఈజిప్టునుండి వచ్చిన ఒక గ్రీకు నావికుడు వ్రాసిన "పెరిప్లస్" అను గ్రంథములో ఇది "కొల్ఖి" యను పేర పాండ్యరాజ్యపు ముత్తెముల రేవుగ కనబడుచున్నది. శిక్షపడిన నేరస్థులచేత అచట ముత్తెముల కొరకు మునిగించెడివారని కూడ అతడు వ్రాసెను. మన ముత్తెములకును, మిరియములకును, సన్నని వస్త్రములకును మారుగ రోమకులు ఇచ్చినది ముఖ్యముగ బంగారు వెండి నాణెములే. ప్రతి సంవత్సరము భారతదేశము ఐదు కోట్ల సెస్టర్సులను లాగికొనుచున్నదని ప్లినీ యను రోమక పండితుడు వాపోయెను. నూరు సెస్టర్సులకు ఒక బంగారు నాణెము. విద్యార్థులు లెక్కవేసికొనిన ఐదు లక్షల బంగారు నాణెములగును. ప్లినీ కొంత పెంచి చెప్పియుండవచ్చును. అయినను, దక్షిణ దేశపు భూమిలో నేటికిని దొరకుచున్న నాణెములు ఆయన మొరకు కొంత సాక్ష్యమిచ్చుచున్నవి.

రోమకుల బంగారు నాణెమునకు ఆరియస్ అనియు, వెండి నాణెమునకు దెనారియస్ అనియు పేర్లు. అగస్టసు నాటి ఆరియస్ తూకము ఎనిమిది గ్రాములకు కొంచెము తక్కువ. మన ప్రాంతములలో దొరకు వెండి నాణెములలో అధిక భాగము అగస్టసు, టిబేరియసు చక్రవర్తులవే. కారణము విచిత్రమైనది. క్రీ. శ. 64లో నీరో చక్రవర్తి నాణెముల తూకమును తగ్గించి వెండిలో కల్తీని పెంచెను. తక్కెడ చేతబట్టిన మన వర్తకులు దీనిని గ్రహింపకపోలేదు. వారికి పాత నాణెములే ప్రియమైనవి.

ఇక వేలము సంగతి. ఈ మాట పోర్చుగీసువారి "లెయిలావ్" నుండి వచ్చినదని భాషావేత్తలు చెప్పుదురు. మన వీథులలో వినబడు తమిళ "ఏలం" కూడ దాని తోబుట్టువే. రోమకులకును వేలమనిన మహా ప్రీతి. వారు నేలలో ఒక ఈటెను నాటి దానిక్రింద సొత్తును పాటకు పెట్టెడివారు. క్రీ. శ. 193లో అంగరక్షక భటులు రోము సింహాసనమునే పాటకు పెట్టగా, దీదియస్ యూలియానస్ అను ధనికుడు దానిని పాడుకొని, మూడు మాసములైనను నిండకమునుపే తల పోగొట్టుకొనెను!

నేటి నాణెముల వేలమునకు ముందు ఒక జాబితా అచ్చువేయుదురు. అందు ప్రతి నాణెమునకును ఛాయాచిత్రము, తూకము, వచ్చునని యెంచిన వెల, అంతకుమునుపు ఎవరి యొద్ద నుండెనను చరిత్ర యుండును. సుత్తె దెబ్బతో పాట కొట్టివేసిన పిమ్మట, పాడుకొన్నవాడు ఆ వెలపై వేలందారునకు రుసుము కూడ చెల్లింపవలెను. చెక్కు చెదరని ముఖము, స్పష్టమైన అక్షరములు, అపురూపత, ఇవి వెలను పెంచును. గీత పడినచో, గాటు పడినచో వెల తగ్గును. వర్తకుని దృష్టిలో ఇది న్యాయమే. చిక్కు ఇక్కడనే యున్నది.

1898లో పుదుక్కోట సంస్థానమందలి కరుక్కాకురిచ్చి యను గ్రామమున 501 రోమక బంగారు నాణెముల నిక్షేపము బయల్పడెను. దానిని హిల్ అను ఆంగ్ల పండితుడు పరిశీలించి ఆ సంవత్సరమే పట్టిక ప్రకటించెను. ఆ నాణెములలో దాదాపు అన్నిటి మీదను చక్రవర్తి ముఖమునకు అడ్డముగ ఉలితో కొట్టిన గాటు కలదు. రోములో ఎవరును అట్లు చేయరు. చేసినవారు మన దేశమువారే. ఏల చేసిరి? అరిగిన నాణెములు మరల చెలామణి కాకుండుటకని కొందరు, లోపల రాగి యున్నదేమో పరీక్షించుటకని కొందరు, పరరాజు ముఖము చెల్లదని చాటుటకని మరికొందరు చెప్పుదురు. చర్చ ముగియలేదు. వేలములో ఆ గాటు లోపము. మాకు మాత్రము ఆ నాణెమునందలి అమూల్యమైన భాగము అదియే. ముఖము రోము చరిత్రను చెప్పును, గాటు మన చరిత్రను చెప్పును. 501 నాణెములను ఒక్కచోట చూచినందుననే గాటు ఒక ఆచారమని తెలిసినది. ఒక్కొక్కటిగ ఊరూర అమ్మివేసియున్నచో, చెడిపోయిన నాణెములని తక్కువ వెలకు పోయెడివి. అంతటితో ముగిసెడిది.

తెలుగు దేశమునందును ఇట్టి నిక్షేపములు కలవు. నల్లగొండ సీమలోని అక్కన్‌పల్లెలో అగస్టసు, టిబేరియసుల వెండి నాణెములు పదిహేను వందలకు పైగ దొరకినవి. కొండాపురపు త్రవ్వకములలో టిబేరియసు నాణెమును అచ్చుగ తీసి చేసిన మట్టి బిళ్ళలు కనబడినవి. వానికి త్రాడు దూర్చుటకు కొక్కెములు కూడ కలవు. అనగా, నాటి స్త్రీలు బంగారు నాణెము దొరకనిచో మట్టి నాణెమునైనను మెడలో ధరించిరన్నమాట. మన అవ్వల కాసులపేరు తలంపునకు వచ్చుటలేదా?

వేలము పెద్దదైనకొలది మోసమును పెద్దదగును. సీజరును వధించిన బ్రూటసు వేయించిన బంగారు నాణెము, ఒక వైపు బ్రూటసు ముఖము, రెండవ వైపు రెండు బాకుల నడుమ టోపీ గలది, 2020లో లండనులో 32 లక్షల 40 వేల పౌనులకు అమ్ముడుపోయెను. లోకమంతయు అబ్బురపడెను. పిమ్మట దాని పూర్వ చరిత్రగ చూపిన కాగితములు కల్పితములని తేలెను. 2023లో ఆ నాణెమును గ్రీసు దేశమునకు తిరిగి అప్పగించిరి. నాణెము నిజమైనదే. కాని ఏ పొలములో, ఏ కుండలో, వేటితో కలిసి యుండెనో ఆ సంగతి మాత్రము తిరిగి రాలేదు.

తలిదండ్రులు తప్పక తెలిసికొనవలసిన చట్టములు రెండు కలవు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాగియున్న సొత్తు పది రూపాయల విలువను మించినచో, దొరకినవారు కలెక్టరునకు వ్రాతమూలకముగ తెలుపవలెను. దాచినవారు తమ వాటాను కోల్పోవుటయేగాక, ఏడాది వరకు కారాగార శిక్షకు, లేదా జరిమానాకు, లేదా రెండింటికిని పాత్రులగుదురు. తెలిపినచో, హక్కుదారు లెవరును రానప్పుడు, భూస్వామితో వేరు ఒప్పందము లేనిచో దొరకినవానికి నాలుగింట మూడు పాళ్ళు, భూస్వామికి ఒక పాలు వచ్చును. ప్రభుత్వము తానే తీసికొనదలచినచో లోహపు వెలకు అయిదవ వంతు కలిపి చెల్లించును. ఈ అయిదవ వంతు మిక్కిలి స్వల్పమని మా అభిప్రాయము. బీద రైతు కంసాలి యింటికి పోవుటకు ఇదియును ఒక కారణమే. రెండవది 1972 నాటి పురావస్తువుల చట్టము. నూరు సంవత్సరములు దాటిన నాణెము పురావస్తువే. దానిని దేశము దాటించుట ప్రభుత్వమునకు తప్ప ఇతరులకు చెల్లదు. అట్టి వస్తువులతో వ్యాపారము చేయుటకు లైసెన్సు కావలెను.

సేకరణ చేయవలెనని కోరిక గల విద్యార్థులకు అడ్డు చెప్పము. వెల తక్కువ గల నాణెములతో, లైసెన్సు గల వర్తకుని యొద్ద, రసీదుతో ప్రారంభింపవచ్చును. చెన్నపట్టణము పోయినప్పుడు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియమును చూడుడు. రోమక నాణెముల సేకరణకు అది పేరుపడినది. సంతలలో "పొలములో దొరికినది" యని గుసగుసలాడుచు అమ్మువాని యొద్ద మాత్రము కొనరాదు. అతని మాట అబద్ధమైనచో నాణెము నకిలీ, నిజమైనచో నేరము.

ఆ బాలుడు వారము తరువాత మరల వచ్చెను. మామను అడిగెనట. వారి పశువుల కొట్టపు గడప మార్చునప్పుడు, పాత గడపక్రింద ఆ పావు అణా దొరికినదట. వాస్తు పూజలో వేసియుందురని అతని అవ్వ చెప్పినదట. అనగా ఆ కొట్టము 1835కు పిమ్మట కట్టినదని మేమిద్దరము లెక్కతేల్చితిమి. ఒక కవరు మీద ఈ సంగతియు, ఊరి పేరును, తేదీయు అతనిచేతనే వ్రాయించి, నాణెమును అందులో ఉంచి ఇచ్చివేసితిమి. ఈసారి అతడు వెల అడుగలేదు. కొట్టపు రెండవ గడపను ఎప్పుడు మార్చుదురో మామను అడిగెదనని పోయెను.